జెండా రంగుల్లో మతాలున్నాయా?

ప్రశ్న: ఆగస్టు పదిహేనుకి మా అబ్బాయి స్కూల్లో మాట్లాడాలి. టీచరుగారు రాసిచ్చిన కాగితంలో కాషాయం హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు, తెలుపు మిగతావాళ్లకు గుర్తు అని ఉంది. మా మామయ్యగారు అది తప్పంటున్నారు. ఏది చెప్పించమంటారు? అసలు ఈ జెండా పింగళి వెంకయ్యగారు గీసిందేనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ మామయ్యగారి మాటే చెప్పించండమ్మా. టీచరుగారు రాసింది దాదాపుగా 1921 నాటి సంగతి. ఆ ఏడాది బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలప్పుడు వెంకయ్యగారు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో ఒక నమూనా గాంధీగారికి చూపించారు, అందులో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు. మిగతా మతాలవాళ్ల కోసం తెలుపు కలపమన్నది గాంధీగారు, చరఖా ఆలోచన లాలా హంసరాజ్ గారిది. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు. కాషాయం అందులో లేనే లేదు!

కానీ రంగుకో మతం అని మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుంది చెప్పండి? మరి మా రంగేదని సిక్కులు అడిగారు, న్యాయంగానే అడిగారు. దాంతో 1931లో కాంగ్రెస్ ఏడుగురితో కమిటీ వేసింది, దాని కన్వీనరు మన పట్టాభి సీతారామయ్యగారే. జెండా అంతా కాషాయమే ఉంచి చరఖా పెడదామని వాళ్లు సూచిస్తే అది నెగ్గలేదు. చివరికి ఆ ఆగస్టులో బొంబాయిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో చరఖా అని ఖాయం చేస్తూ, ఈ రంగులకి మతాలతో సంబంధం లేదని కూడా స్పష్టంగా తేల్చేశారు: కాషాయం ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు సత్యానికీ శాంతికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ పరాక్రమానికీ. మన జెండా కథలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే, పిల్లలకి ముందు చెప్పాల్సిందీ ఇదే. తొంభై ఏళ్లు దాటినా పాత లెక్కే ఇంకా స్కూలు కాగితాల్లో తిరుగుతోందంటే బాధేస్తుంది.

చరఖా బదులు అశోకచక్రం వచ్చింది 1947 జులై 22న, రాజ్యాంగ సభలో. చరఖాకి ఒకవైపు చక్రం, ఒకవైపు కదురు ఉంటాయి కాబట్టి జెండా వెనకనుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది, అది సరిగా ఉండదని నెహ్రూగారు సభలోనే చెప్పారు. సారనాథ్ స్తంభం మీది చక్రానికి ఆ ఇబ్బంది లేదు.

ఇక వెంకయ్యగారి సంగతి. ఇప్పటి జెండా ఉన్నదున్నట్టు ఆయన గీసింది కాదు, కానీ దీనికి మూలం ఆ బెజవాడ నమూనాయే. దేశానికో జెండా ఉండాలని తపించి 1916లోనే ముప్పై దాకా నమూనాలతో పుస్తకం వేసిన మనిషి ఆయన. బాబు చేత ఆ పుస్తకం మాట కూడా చెప్పించండి, టైము చాలకపోతే చక్రం సంగతి కాస్త తగ్గించినా ఫర్వాలేదు.