అడవిలో ధర్మసందేహం: గాయపడ్డ ఎలుగు

ప్రశ్న: సార్, మాది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంచున ఊరు. ఇప్పపూల కోసం నేను, మా తమ్ముడు తెల్లారకముందే లోపలికి పోయినం. పర్మిషన్ లేదు. వాగు మలుపుల పిల్లల్ని వీపున మోస్తున్న ఎలుగుబంటి ఎదురైంది. తమ్ముని మీద పడి చెయ్యి కొరికింది. నేను గొడ్డలితోని భుజం మీద కొట్టిన. నెత్తురు కారుకుంట పొదలకు పోయింది. దవాఖానల బండి మీదికెళ్లి పడ్డడని చెప్పినం. గొడ్డలికి అంటిన వెంట్రుకలు మా అమ్మ మనవడి తాయెత్తుకని దాచింది. పాణం కాపాడుకున్నందుకు నా తప్పేముంది? చెప్తే కేసు అయితదని భయం. ఊకుంటే సరిపోదా?
— పేరు వద్దు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: కొట్టినందుకు మీ తప్పేమీ లేదు. తమ్ముడి చెయ్యి దాని నోట్లో ఉంటే ఆలోచించేదేముంది? నా పేచీ అంతా ఆ తర్వాత మీరు నోరు మెదపకుండా ఉన్న రోజులతోనే. ఉత్తరంలో నంబరు రాశారు గనక తొందరవి ఫోన్లోనే చెప్పేశాను. మీలాంటి వాళ్లు ఇంకొందరు ఉంటారని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఆ వాగు దారిన ఎవరు నడుస్తారో మీకు తెలుసు. తేనెకీ గడ్డలకీ పెంటల (అడవిలోని చెంచు గూడేల) నుంచి వచ్చే చెంచులు, అటవీ శాఖ బేస్ క్యాంపు వాచర్లు. వాళ్లలోనూ చెంచు కుర్రాళ్లే ఎక్కువ, చేతిలో కర్ర తప్ప ఏమీ ఉండదు. ఎలుగుకి చూపు మందం. చెదపుట్టలో మూతి దూర్చిందంటే మనిషి దగ్గరికొచ్చేదాకా గమనించదు. ఉలిక్కిపడితే పారిపోవడం కంటే మీద పడటమే దాని పద్ధతి, అదీ మొహం మీదికే. మామూలప్పుడే అలాంటిది, ఇప్పుడు భుజం చీలి, పిల్లలతో, ఏ నీటి చెలమ పక్క పొదలోనో పడి ఉందనుకోండి. తెలియక అటు వెళ్లినవాడికి ఏమైనా అయితే అందులో మీ మౌనానికి భాగం లేదంటారా?

అటవీ శాఖ బీట్ ఆఫీసరుకి కబురు అందితే పెంటలకి హెచ్చరిక పోతుంది. సాసర్ పిట్ల (జంతువులు నీళ్లు తాగడానికి కట్టిన పళ్లెం లాంటి గుంటల) దగ్గర అడుగుజాడలు వెతుకుతారు, కెమెరాలు పెడతారు, అవసరమైతే పశువైద్యుణ్ణి పిలిపిస్తారు. తల్లి చస్తే ఆ పసికూనలూ దక్కవు. మీరు మాత్రం చూసొద్దామని వెళ్లకండి. దాని బాధ తీర్చేద్దామని అసలే వద్దు.

ఇక తమ్ముడి సంగతి. బండి మీంచి పడ్డాడంటే డాక్టరు టీటీ ఇచ్చి, కుట్లేసి పంపిస్తారు. ఇది కాటు. రేబిస్ టీకా, గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ రెండూ కావాలి. రోజులు గడిచాయి గదా అని ఊరుకోకుండా నిజం చెప్పి మొదలుపెట్టించండి.

చట్టం దగ్గర మీకు తీపి మాటలు చెప్పలేను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, తనని గాని ఇంకొకరిని గాని కాపాడుకోవడానికి సదుద్దేశంతో జంతువుని గాయపరిస్తే నేరం కాదు. అయితే ఆ సమయానికి ఆ మనిషి అదే చట్టాన్ని మీరుతూ ఉండకూడదు. అనుమతి లేకుండా వెళ్లారు కాబట్టి మెలిక అక్కడుంది. ఎలుగు మొదటి షెడ్యూలు జంతువు కూడాను, అంటే చట్టం అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చిన జాబితాలోది. కేసు కాదని నేను హామీ ఇవ్వను. వకీలు లేకుండా వాంగ్మూలం మీద సంతకం పెట్టకండి. అర్హులకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగానే వకీలుని ఇస్తుంది. కానీ కబురు వకీలు కోసం ఆగేది కాదు. ఫలానా మలుపులో దెబ్బతిన్న ఎలుగు ఉందని సర్పంచి చేతనైనా ఈ పూటే చెప్పించండి.

అమ్మగారి తాయెత్తు మాటకొస్తే, నాకు అన్నిటికన్నా భయం దానితోనే. ఆ వెంట్రుకలు ప్రభుత్వ ఆస్తి, చేతికి వచ్చిన 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో తెలియజేసి, అడిగితే అప్పజెప్పాల్సింది. పిల్లాడి మెడలో అవి కనిపిస్తే ప్రాణరక్షణ అన్న మీ మాట ఎవరూ నమ్మరు, వేట అంటారు. గడువు దాటినా సరే, వకీలుని వెంటబెట్టుకుని రేంజ్ ఆఫీసులో ఇచ్చేయండి. గొడ్డలి కూడా తీసుకెళ్లండి, కడగకుండా.