అడ్మిట్ల కోసం ఆగడం సరే, ఉద్యోగాన్ని ఎందుకు ఆపడం?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. సీఎస్‌ఈలో బీటెక్ అయింది. అమెరికాలో ఎంఎస్ కోసం ఏడు యూనివర్సిటీలకి అప్లై చేశాను. రెండు రిజెక్ట్ చేశాయి, ఒకటి అడ్మిట్ ఇచ్చింది కానీ ఫండింగ్ లేదు, రెండేళ్లకి అన్నీ కలిపి 60 వేల డాలర్లు అవుతుంది. మిగతా నాలుగు ఇంకా ఏమీ చెప్పలేదు. హైదరాబాద్‌లో నెలకి 32 వేలు చేతికొచ్చే ఉద్యోగం ఉంది, ఏప్రిల్ మొదట్లో చేరాలి. ఎంటెక్ కోసం గేట్ కూడా రాశాను. నాన్నకి మూడెకరాల రొయ్యల చెరువు, రెండెకరాల కొబ్బరి తోట, బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. అడ్మిట్ వచ్చినచోట డిపాజిట్ కట్టేద్దాం, తక్కువైతే తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. నేను ఉద్యోగంలో చేరనా, ఆగనా? రోజంతా మెయిల్ చూసుకోవడమే సరిపోతోంది, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: చేరమ్మా. నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఉద్యోగంలో చేరితే అమెరికా దారి మూసుకుపోతుందని నువ్వు భయపడుతున్నట్టుంది. మూసుకుపోదు. మిగతా నాలుగూ జవాబిచ్చేసరికి ఏప్రిల్ దాటొచ్చు, క్లాసులు ఆగస్టులో. ఈలోపు నాలుగు నెలలు పనిచేసి, హాస్టలూ తిండీ పోను నెలకి 15 వేలు మిగిల్చినా 60 వేలు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా ఫీజు 185 డాలర్లు, విదేశీ విద్యార్థుల నమోదుకి కట్టే సెవిస్ ఫీజు 350, డాలరు 90 రూపాయలు అనుకుంటే రెండూ కలిపి 48 వేల చిల్లర, అంటే ఆ ఖర్చుకి నాన్నగారి మీద చెయ్యి పెట్టక్కర్లేదు. చేరేముందు మాత్రం ఆఫర్ లెటర్ చివరి పేజీలదాకా చదువు. సర్వీస్ బాండ్ ఉందా, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, ఈ మూడూ హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడుగు, ఫోన్లో వద్దు. నోటీసు 90 రోజులైతే ఆగస్టులో విమానం ఎక్కడానికి మే మొదట్లోనే చెప్పాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరు అడిగినా ఇచ్చేయకు, చూపించి వెనక్కి తీసుకో.

ఇక డిపాజిట్ సంగతి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అని ఒక సంస్థ ఉంది, దాని తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు అసిస్టెంట్‌షిప్పో (డిపార్ట్‌మెంటులో పనిచేస్తే ఇచ్చే డబ్బు) ఫెలోషిప్పో ఇస్తామన్న విద్యార్థిని ఏప్రిల్ 15 కంటే ముందు తేల్చి చెప్పమని బలవంతపెట్టకూడదు. నీ చేతిలో ఉన్న అడ్మిట్‌కి ఫండింగ్ లేదు కాబట్టి దానికి ఇది వర్తించదు. కానీ ఆ తేదీ నీకు ఇంకోరకంగా పనికొస్తుంది. ఫండింగ్ ఆఫర్లు వచ్చినవాళ్లలో చాలామంది ఆ తేదీ దగ్గరపడ్డాకే తమకి అక్కర్లేని సీట్లు వదులుతారు, అప్పుడే వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి కబురు వస్తుంది. మార్చిలో జవాబు రాలేదంటే రిజెక్ట్ అని కాదు. అడ్మిట్ ఇచ్చినవాళ్లకి ఇవాళే ఒక మెయిల్ రాయి: డిపాజిట్ గడువు ఏప్రిల్ చివరిదాకా పొడిగిస్తారా, కట్టాక రాకపోతే తిరిగిస్తారా, అడ్మిషన్‌ని వచ్చే ఏడాదికి మార్చుకునే వీలుందా. అడిగినందుకు అడ్మిట్ వెనక్కి తీసుకోరు.

అసలు ముఖ్యమైనది డబ్బు లెక్క. జవాబులు రాకముందే నువ్వూ నాన్నగారూ కూర్చుని అప్పు ఇంతకి మించకూడదని ఒక అంకె కాగితం మీద రాసుకోవాలి. ఎందుకు ముందే అంటున్నానంటే, పేరున్న యూనివర్సిటీ నుంచి అడ్మిట్ వచ్చి, చుట్టాలకి చెప్పేసి, ఇంటికొచ్చినవాళ్లకల్లా స్వీట్లు పంచాక ఇంక ఎవరూ లెక్క చూడరు, ఎంతైనా పర్లేదు తెద్దామంటారు.

నీ 60 వేల డాలర్లు అంటే 54 లక్షలు. అందులో 40 లక్షలు బ్యాంకు అప్పు అనుకో, వడ్డీ 10.5 శాతం, విడతలుగా తీసుకున్నావు, కోర్సు అయిన ఆరు నెలలకి కట్టడం మొదలుపెట్టావు. అప్పటికే వడ్డీ 7 లక్షల పైన చేరి బాకీ 47 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి 64 వేలు ఈఎంఐ. అమెరికాలో ఉద్యోగం దొరికితే ఇది పెద్ద భారం కాదు. దొరక్కపోతే? నీ కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కిందకి వస్తే, చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ 12 నెలలు, పొడిగింపు 24 నెలలు, మొత్తం మూడేళ్లు పనిచేయొచ్చు, కానీ అది పని చేసుకునే అనుమతి మాత్రమే, ఉద్యోగం ఇస్తామన్న హామీ కాదు. ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్-1బీ వస్తుందో రాదో ఎవరి చేతిలోనూ లేదు. అందుకని నేను ఎవరికైనా ఒకటే చెప్తాను: హైదరాబాద్ తిరిగొచ్చి ఉద్యోగం చేస్తూ కూడా తీర్చగలిగినంతే అప్పు చెయ్యి. ఎంఎస్ చేసొచ్చి ఇక్కడ నెలకి 80 వేలు చేతికి వస్తాయనుకుంటే 35 వేలకి మించి ఈఎంఐ పెట్టుకోలేవు. ఇదే లెక్కన ఆ ఈఎంఐకి వచ్చే అప్పు 22 లక్షలు. ఎఫ్‌డీ 6 లక్షలూ కలిపితే 28.

కాబట్టి ఫండింగ్ లేకుండా 54 లక్షలయ్యే ఆ అడ్మిట్ నీకు పనికిరాదు. కష్టంగా ఉంటుంది, తెలుసు, ఏడాదిన్నర కష్టపడి తెచ్చుకున్నదది. కానీ మిగతా నాలుగింటిలో ట్యూషన్ మాఫీతో అసిస్టెంట్‌షిప్ వచ్చినా, మొత్తం ఖర్చు 30 లక్షల దగ్గర తేలే ప్రభుత్వ యూనివర్సిటీ వచ్చినా వెనకాడకుండా వెళ్లు.

నాన్నగారు మిగతాది చెరువు మీద సర్దుతానంటారు. రొయ్యల సొమ్ము ఎలా వస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు, పట్టుబడి రోజున లారీ కదిలాక ముందు మేత డీలరు బాకీ, తర్వాత మందులు, కరెంటు, లీజు ఉంటే లీజు, అవన్నీ పోను మిగిలింది మీది. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వస్తే అదీ ఉండదు. నెలనెలా కట్టాల్సిన ఈఎంఐకి అలాంటి ఆదాయాన్ని పూచీ పెట్టకూడదు. ఇంకొకటి కూడా ఉంది, దీని గురించి మన డెల్టాలో ఎవరూ మాట్లాడరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద ఉన్నవాళ్లందరికీ సెగ తగిలింది. మీ నాన్నగారి రాబడి అమెరికా కొనుగోలు మీద, నీ అప్పు తీరడం అమెరికా ఉద్యోగం మీద. రెండు ఎడ్లనీ ఒకే గుంజకి కట్టినట్టు, అక్కడ ఏ నిర్ణయం తిరగబడినా ఇంట్లో రెండు వైపులా ఒకేసారి దెబ్బ పడుతుంది. చెరువు లేని ఇంటి పిల్ల ఇదే ప్రశ్న అడిగితే ఇంకో నాలుగు లక్షలు ఎక్కువ అప్పుకి సరే అనేవాణ్నేమో, నీకు మాత్రం అనను.

రెండు రూపాయల వడ్డీ జోలికి అసలు వెళ్లొద్దు. అది ఏడాదికి 24 శాతం. 20 లక్షలు తెస్తే నెలకి 40 వేలు వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి తరగదు, నీకు మొదటి జీతం వచ్చేసరికి రెండేళ్లు దాటుతుంది. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకి విద్యారుణం మీద దొరికే వడ్డీ మినహాయింపు కూడా దీనికి రాదు.

బ్యాంకుకే వెళ్లండి, కానీ కొబ్బరి తోట కాగితాలు పట్టుకెళ్తే చాలా బ్యాంకులు వద్దంటాయి. బాకీ పడితే కోర్టుకి వెళ్లకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారం ఇచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, 31వ సెక్షన్లోనే ఆ మినహాయింపు ఉంది. అందుకే ఇల్లో ఇళ్ల స్థలమో అడుగుతారు. మీ ఇల్లు గ్రామకంఠంలో ఉందా, రిజిస్టర్డ్ దస్తావేజు ఉందా, ఇంకా తాతగారి పేరు మీదే ఉందా, ఇవి ఇప్పుడే చూసుకోండి. లింకు దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), ఇంటిపన్ను రసీదు, ప్లాన్ ఒక ఫైల్లో పెట్టి బ్యాంకు లాయరు అభిప్రాయం తీసుకోవడం మొదలుపెడితే, అడ్మిట్లు తేలేలోపు మీ ఆస్తి మీద ఎంత అప్పు పుడుతుందో కూడా తేలిపోతుంది. విద్యాలక్ష్మి పోర్టల్లో ఒకే ఫారంతో ఒకటికి మించి బ్యాంకులకి పెట్టొచ్చు. ఫీజు సొంత డబ్బుతో పంపితే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ అని పన్ను ముందే పట్టుకుంటుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. బ్యాంకు విద్యారుణంతో పంపితే అదీ ఉండదు.

కన్సల్టెన్సీ వాళ్లు ఎవరైనా వీసాకి మీ ఖాతాలో నెల రోజులు డబ్బు వేసి చూపిస్తాం, ఇంత ఇవ్వండి అంటే లేచి వచ్చేయండి. నీది కాని డబ్బు నీదని చూపించి దొరికితే వీసా పోవడమే కాదు, మళ్లీ ఎప్పుడూ రాకపోవచ్చు. బ్యాంకు శాంక్షన్ లెటర్, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రానికి నేరుగా పనికొస్తుంది.

గేట్‌ని నువ్వు చివర్లో ఒక్క ముక్కలో రాశావు, నాకది మంచి దారిగానే కనిపిస్తోంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్ మీద ఐఐటీలోనో ఎన్ఐటీలోనో ఎంటెక్ సీటు వస్తే నెలకి 12,400 స్టైపెండ్ వస్తుంది, మంచి సంస్థల్లో చదువుకి పూచీ లేకుండా అప్పిచ్చే పీఎం విద్యాలక్ష్మి పథకం కూడా ఉంది, విదేశీ చదువుకి అది లేదు. లేదూ, రెండేళ్లు ఉద్యోగం చేసి, నెలకి 12 వేలు దాస్తే 3 లక్షల దగ్గర పడుతుంది, అనుభవంతో మళ్లీ అప్లై చేయొచ్చు. ఇరవై మూడేళ్లకి ఏదీ మించిపోలేదు.

ఈ వారం ఆ మెయిల్ పంపు, హెచ్ఆర్‌ని అడుగు, ఇంటి కాగితాలు తీయించు. ఏప్రిల్ 15 దాటాక ఎవరు ఎంత ఫండింగ్ ఇస్తామన్నారో, బ్యాంకు ఎంతకి ఒప్పుకుందో, మేత డీలరుకి ఎంత బాకీ ఉందో, ఈ మూడూ రాసి పంపు. మూడోది నాన్నగారు చెప్పడానికి మొహమాటపడతారు, అమ్మని అడుగు.