పేరు రిజిస్ట్రేషన్‌కి 15 వేలు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. రెండేళ్లుగా ఇంట్లోనే ‘మా ఇంటి పచ్చళ్లు’ పేరుతో ఆవకాయ, గోంగూర, కారప్పొడులు చేసి అమ్ముతున్నాను. నెలకు 60 వేల దాకా అమ్మకాలున్నాయి. సగం పార్శిళ్లు హైదరాబాద్‌కే వెళ్తాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది. డబ్బంతా నా సేవింగ్స్ ఖాతాలోకే వస్తోంది. పేరు రిజిస్టర్ చేయిస్తే ఇంకెవరూ వాడుకోలేరంటూ ఒక ఏజెంట్ 15 వేలు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఆ 15 వేలకు మీ చేతికి ఏ కాగితం వస్తుందో ముందు అడగండి. ‘ఉద్యమ్ సర్టిఫికెట్’ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు పత్రం) అని చెబితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అది ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. పాన్, ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోన్ దగ్గర పెట్టుకుంటే మీరే చేసుకోవచ్చు. పైగా దాంతో పేరు మీ సొంతమైపోదు. పక్క వీధిలో ఇంకొకరు అదే పేరుతో ఉద్యమ్ తీసుకున్నా పోర్టల్ అడ్డు చెప్పదు. ఒక్కరే యజమానిగా నడిపే వ్యాపారాలకు మన దేశంలో విడిగా పేర్ల రిజిస్టరంటూ లేదు. ఉద్యమ్ అయినా, జీఎస్టీ అయినా, లేబర్ సర్టిఫికెట్ (దుకాణాలు, సంస్థలకు కార్మిక శాఖ ఇచ్చే నమోదు) అయినా ఫలానా పేరుతో మీరు వ్యాపారం చేస్తున్నారనడానికి రుజువులు, అంతే. ఇంకొకరిని ఆపాలంటే ట్రేడ్‌మార్క్, అంటే పేరు మీద చట్టపరమైన హక్కు, కావాలి.

అలాగని ఉద్యమ్ వద్దనడం లేదు. వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా తెరవడానికి బ్యాంకు సాధారణంగా రెండు రుజువులు అడుగుతుంది. అందులో ఇదొకటి. పేరు స్పెల్లింగ్ మాత్రం అన్ని చోట్లా అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకదాంట్లో ‘ఫుడ్స్’, ఇంకోదాంట్లో ‘ఫుడ్ ప్రొడక్ట్స్’ అని ఉంటే బ్యాంకులో ఫైలు అక్కడే ఆగిపోతుంది.

ఇక అసలు చిక్కు మీరు పెట్టుకున్న పేరులోనే ఉంది. అమ్మే సరుకేమిటో, ఎక్కడిదో, ఎలాంటిదో చెప్పే మాటలను ఒక్కరికే కట్టబెట్టడానికి ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 ఒప్పుకోదు. ‘మా ఇంటి పచ్చళ్లు’ అచ్చంగా ఆ కోవలోదే. ‘గుంటూరు ఘాటు’ అన్నా ఇంతే. సరుకుతో సంబంధం లేని మాటైతే బలం ఎక్కువ. ‘పిచ్చుక’ అని పెట్టి, దాని కింద చిన్న అక్షరాల్లో ‘మా ఇంటి పచ్చళ్లు’ అని వేసుకుంటే పాత కస్టమర్లూ గుర్తుపడతారు.

ఏ పేరు అనుకున్నా ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లో ముందు వెతకండి. వర్డ్‌మార్క్ (అక్షరాల్లో రాసిన పేరు) సెర్చ్‌తో ఆపేయకుండా ఫొనెటిక్ సెర్చ్ (ఒకేలా పలికే పేర్లు వెతకడం) కూడా చేయాలి. మన పేర్లను ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ‘శ్రీ’నే ఎస్‌-ఆర్‌-ఐ అని కొందరు, ఎస్‌-హెచ్‌-ఆర్‌-ఈ-ఈ అని కొందరు రాస్తారు. ట్రేడ్‌మార్క్‌లో సరుకులను క్లాసులుగా విడదీస్తారు: పచ్చళ్లు 29వ క్లాసు, పొడులు, మసాలాలు 30వ క్లాసు. రెండింట్లోనూ చూడండి. అదే పేరు ఎదురుగా ‘అబ్జెక్టెడ్’ (అభ్యంతరం ఉంది) అని కనిపిస్తే ఖాళీ అనుకోకండి, ఆ దరఖాస్తు ఇంకా నడుస్తున్నట్టే.

దరఖాస్తు ఫారం టీఎం-ఏ. వ్యక్తిగా ఆన్‌లైన్లో వేస్తే క్లాసుకు రూ.4,500, రెండు క్లాసులకు రూ.9,000. రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది కాబట్టి నెలకు పడేది 75 రూపాయలు. మీ అమ్మకాలకు ఇది భారం కాదు, రెండూ వేయమనే చెబుతాను. లోగో కంటే ముందు పేరును వర్డ్‌మార్క్‌గా వేయండి, రేపు లేబుల్ డిజైన్ మారినా రక్షణ ఉంటుంది. తెలుగు లిపిలో వేస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణ, ఇంగ్లిష్‌లో అర్థం కూడా ఇవ్వాలి.

ఫారంలో ‘ఎప్పటి నుంచి వాడుతున్నారు’ అనే గడి దగ్గర చాలామంది పొరపడతారు. కొత్త పేరైతే ‘ఇకపై వాడబోతున్నాం’ అని రాయడం సరైనదే. రెండేళ్లుగా వాడుతున్న పేరుకూ అలాగే రాస్తే ముందు నుంచీ వాడుతున్నామనే మీ వాదనను మీరే బలహీనం చేసుకున్నట్టు. పాత పేరుతోనే వెళ్లాలనుకుంటే తేదీ వేసి, అఫిడవిట్‌తో పాటు ఆ పేరున్న బిల్లులు, లేబుళ్లు జతచేయండి. తేదీకి ఆధారం దొరకాలి, ఉజ్జాయింపు కుదరదు.

ఏజెంట్ ద్వారా వేయించినా ఫారంలో మీ ఈమెయిల్ కూడా ఉండేలా చూడండి. ట్రేడ్‌మార్క్ కార్యాలయం దరఖాస్తును చూసి ఇచ్చే పరీక్ష నివేదికలో అభ్యంతరం వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. నోటీసు ఏజెంట్ మెయిల్‌కి పోయి, ఆయన పట్టించుకోకపోతే దరఖాస్తు వదిలేసినట్టు లెక్క, కట్టిన ఫీజు తిరిగి రాదు. ఆ దశ దాటితే మీ పేరు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వస్తుంది. అక్కడి నుంచి నాలుగు నెలల లోపు ఎవరైనా వ్యతిరేకించవచ్చు.

మీరు అడగలేదు కానీ, పేరు కంటే ముందు చూసుకోవాల్సింది జీఎస్టీ. ఏడాదికి రూ.7.2 లక్షలేగా, పరిమితి దాటలేదుగా అనుకుంటారు. హైదరాబాద్ ఇప్పుడు మీకు పొరుగు రాష్ట్రం. సరుకు రాష్ట్రం దాటితే టర్నోవర్ ఎంతున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపొజిషన్ స్కీమూ వర్తించదు. జీఎస్టీలో ‘ట్రేడ్ నేమ్’ దగ్గర కొత్త పేరే ఇస్తే కరెంట్ ఖాతాకి రెండో రుజువూ అదే అవుతుంది.

కొత్త లేబుళ్లు సెర్చ్ అయ్యాకే అచ్చు వేయించండి. వాటి మీద టీఎం గుర్తు ఇప్పుడే వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చే దాకా వేయకూడదు, చట్టరీత్యా తప్పు.