ఏ పద్ధతైనా ఫలితం ఒకటేనా? సైకోథెరపీలో మార్పుకు దోహదం చేసేవి

సైకోథెరపీ (మానసిక సమస్యలకు సంభాషణ ద్వారా చేసే చికిత్స) పద్ధతులన్నీ ఇంచుమించు ఒకే ఫలితాన్ని ఇస్తాయన్నప్పుడు, ఎవరి దగ్గరికి వెళ్ళినా ఒకటేనా అని మీరు అడిగారు. పానిక్ అటాక్‌లకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే చికిత్స) తీసుకుని, ఆ తరువాత ఆసక్తి కొద్దీ ఈ పరిశోధనలు చదివిన వ్యక్తిగా నా జవాబు: ఒకటి కాదు.

పద్ధతులన్నిటిలోనూ ఉండే ఉమ్మడి అంశాలే మేలు చేస్తుండవచ్చునని మనస్తత్వ శాస్త్రవేత్త సాల్ రోజెన్‌జ్వైగ్ 1936లోనే ప్రతిపాదించాడు. మరో మనస్తత్వ శాస్త్రవేత్త మైకేల్ లాంబర్ట్ 1992లో మార్పుకు దోహదం చేసే కారకాలన్నిటినీ నాలుగు వర్గాలుగా విభజించి, ఆ మార్పులో, చికిత్సకు వచ్చిన వ్యక్తి సొంత బలానికీ జీవిత పరిస్థితులకూ 40 శాతం, చికిత్సా బంధం (థెరపిస్టుకూ చికిత్సకు వచ్చిన వ్యక్తికీ మధ్య ఏర్పడే బంధం) వంటి ఉమ్మడి కారకాలకు 30, నయమవుతుందన్న ఆశకు 15, ప్రత్యేక పద్ధతులకు 15 చొప్పున కేటాయించాడు. ఈ అంకెలను కొలిచి తేల్చిన లెక్కలుగా చాలామంది ఉటంకిస్తారు గానీ, నిజానికి అవి అప్పటి అధ్యయనాలను చదివి ఆయన వేసిన ఉజ్జాయింపులు మాత్రమే.

ఈ వర్గాలు కాగితం మీద ఉన్నంత విడివిడిగా అనుభవంలో ఉండవు. గుండె దడ అంటేనే హడలిపోయే నన్ను మా థెరపిస్టు మెట్లు వేగంగా ఎక్కి ఆ దడను కావాలనే తెచ్చుకోమన్నారు. అది కచ్చితంగా ఒక ప్రత్యేక పద్ధతే. అయితే దడ ప్రమాదం కాదని ఆమె ఓపికగా వివరించి ఉండకపోతే, ఆమె మీద నాకు నమ్మకం కుదిరి ఉండకపోతే, నేను ఒక్క మెట్టు కూడా ఎక్కేవాడిని కాను. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చికిత్సా బంధాన్ని లక్ష్యాలపై ఏకాభిప్రాయం, చేయవలసిన పనులపై ఏకాభిప్రాయం, పరస్పర విశ్వాసం అనే మూడు భాగాలుగా నిర్వచించడం నాకు అందుకే సబబుగా తోస్తుంది. పైగా ఆ రోజుల్లోనే నాకు నైట్ షిఫ్టులు తప్పి నిద్ర కుదుటపడింది. దాని వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

అలాగని బంధమే సర్వస్వం కాదు. 295 అధ్యయనాలను కలిపి 2018లో వెలువడిన విశ్లేషణలో బంధానికీ ఫలితానికీ సహసంబంధం (0 అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు) సుమారు 0.28గా తేలింది, అంటే ఫలితాల్లోని తేడాలలో దాదాపు 8 శాతమే దానితో ముడిపడి ఉన్నాయి. అదీగాక, కోలుకుంటున్నవారికి థెరపిస్టు మీద గురి పెరగడం కూడా సహజమే. ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి వల్ల పదే పదే చేసే పనులతో వేధించే సమస్య) విషయంలోనైతే, భయపెట్టే పరిస్థితిని ఎదుర్కొంటూ అలవాటైన చర్యను ఆపుకునే చికిత్సలో శిక్షణ పొందినవారినే వెతకమంటాను.

కనుక మొదటి కొన్ని సెషన్లలోనే మీ లక్ష్యమేమిటో, అందుకోసం ఏ పని చేయిస్తారో, ఎందుకు చేయిస్తారో థెరపిస్టును నేరుగా అడగండి.