ట్యాంకు ఖాళీ చేస్తే చాలదు, కార్బురేటర్ కూడా చూడండి

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా, ఆరెకరాల పత్తి. పెట్రోలుతో నడిచే పవర్ వీడర్, అదే కలుపు తీసే మిషన్, ఉంది. సాళ్లు కమ్ముకోగానే సెప్టెంబరులో కొట్టంలో పెట్టేస్తాను, మళ్లీ జూలైలోనే తీస్తాను. రెండేళ్లుగా ఇదే వరస: తాడు లాగి లాగి భుజం పడిపోతుంది గానీ ఇంజన్ స్టార్ట్ కాదు. మెకానిక్ కార్బురేటర్ విప్పి కడిగితేనే కదులుతుంది. నేనైతే పెట్టేముందు ట్యాంకులో పెట్రోలు మొత్తం తీసేస్తున్నాను. మరి ఇలా ఎందుకవుతోంది?

జవాబు: మీరు సగం పని సరిగ్గానే చేస్తున్నారు. ట్యాంకు ఖాళీ అయినా, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ కింద ఉండే చిన్న గిన్నెలో, మెకానిక్‌లు బౌల్ అంటారు చూడండి, అందులో కొంచెం పెట్రోలు మిగిలిపోతుంది. చేటంతా ఆ కొంచెంతోనే.

పది నెలలు వదిలేసిన ఇంజన్ బౌల్ విప్పి చూస్తే మీకే అర్థమవుతుంది. పెట్రోలు ఆవిరైపోయి అడుగున పసుపుపచ్చగా బంకలాంటిది అంటుకుని ఉంటుంది, వేలితో గీకితే గోట్లో ఇరుక్కుంటుంది, పాత వార్నిష్ వాసన వస్తుంది. గిన్నె అల్యూమినియందైతే గోడలకు తెల్లటి పొడి కూడా పడుతుంది. పెట్రోలు పైకి వెళ్లే జెట్ రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, ఆ బంక కాస్త పట్టినా మూసుకుపోతుంది. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను లాక్కుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగి లోహాన్ని తినేస్తాయి. అందుకే వెనకటిలా వదిలేస్తే ఇప్పుడు నడవదు.

ఈసారి ఇలా చేయండి. పని అయిపోయిన రోజే ఇంజన్ ఒక ఐదు నిమిషాలు నడిపి ఆపి, వేడిగా ఉండగానే పాత ఇంజన్ ఆయిల్ దించేయండి, పల్చబడి ఉంటుంది కాబట్టి మడ్డితో సహా బయటికొస్తుంది. వాడిన ఆయిల్లో ఆమ్లాలూ తేమా ఉంటాయి, దాన్ని పది నెలలు లోపల పెట్టి తాళం వేయడం మంచిది కాదు. మీ మిషన్‌తో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడు కొత్త ఆయిల్ పోయండి, ఈ సైజు ఇంజన్లకు చాలావాటికి అర లీటరు పైచిలుకే పడుతుంది.

తర్వాత ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి, పెట్రోలు పని అప్పుడే, అదీ ఆరుబయటే. దగ్గర్లో బీడీ గానీ పొయ్యి గానీ ఉండకూడదు, దయచేసి ఇది మాత్రం మరవకండి. ట్యాంకు ఖాళీ చేశాక మళ్లీ స్టార్ట్ చేసి దానంతటదే ఆగిపోయేదాకా నడవనివ్వండి. అప్పటికీ బౌల్ అడుగున కొంత ఉంటుంది. ఇంజన్ మళ్లీ చల్లారాక బౌల్ కింద బోల్టు, చాలా ఇంజన్లకు పది నంబరు పానా పడుతుంది, వదులు చేసి కింద చిన్న డబ్బా పెట్టి కార్చేయండి. ఐదు నిమిషాల పని, మీ రెండేళ్ల బాధ తీరేది దీంతోనే.

ఇక ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, రంధ్రం మీద గుడ్డ వేసి, తాడు నెమ్మదిగా నాలుగైదుసార్లు లాగండి, సిలిండర్ గోడలకు ఆయిల్ పూత పడుతుంది, తుప్పు పట్టదు. ప్లగ్గు మళ్లీ బిగించి, తాడు బిగుసుకున్నట్టు అనిపించేదాకా లాగి అక్కడే ఆపేయండి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ గాలి లోపలికి పోదు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజిదైతే సబ్బు నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టి రెండు చుక్కల ఆయిల్ పిండండి, కాగితందైతే తట్టి దులపడమే, కడగకూడదు.

ఇంకొకటి, యూరియా బస్తాల పక్కన పెట్టకండి. కొట్టంలో చోటు అక్కడే ఉంటుంది, నిజమే, కానీ ఎరువు చెమ్మ ఇనుమునూ అల్యూమినియాన్నీ రెంటినీ తింటుంది. ప్లాస్టిక్ పట్టాతో బిగించి చుట్టినా లోపల చెమట పడుతుంది, పాత గోనెపట్టా కప్పితే చాలు. సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కండి, కందిరీగలు మట్టిగూడు కడతాయి. జూలైలో తీసేటప్పుడు ఆ గుడ్డ గుర్తుపెట్టుకుని లాగేయండి.

ప్రశ్న: ట్యాంకు నిండుగా ఉంచితేనే తుప్పు పట్టదని మా పక్క చేను ఆయన అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఇనుప ట్యాంకు విషయంలో ఆయన మాటలో నిజముంది, నిండుగా ఉంటే తేమకు చోటుండదు. కానీ ఇథనాల్ కలిసిన పెట్రోలును మన ఎండల్లో పది నెలలు కొట్టంలో ఉంచడం నాకు ఇష్టం లేదు, అగ్గి భయం ఒకటి, పెట్రోలు పాతబడటం ఇంకొకటి. ఖాళీ చేసి, రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి లోపలంతా తిప్పండి. తీసిన పెట్రోలు కొత్తదైతే వడకట్టి బైకులో పోసుకోవచ్చు.

ప్రశ్న: పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపే టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌కూ (గడ్డి కోసే మిషన్) ఇదే పద్ధతా?

జవాబు: దానికి బౌల్ ఉండదు, కార్బురేటర్‌లో డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఉంటుంది, పాత పెట్రోలులో నానితే అది గట్టిపడుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, ప్రైమర్ బుడ్డి నొక్కుతూ పెట్రోలు కనబడనంత వరకు బయటికి తీయండి, తర్వాత స్టార్ట్ చేసి ఆగిపోయేదాకా నడపండి. ఆయిల్ కలిపిన పెట్రోలు మిగిలితే బైకులో పోయకండి. కలిపింది నెల లోపే వాడెయ్యాలి కాబట్టి, సీజన్ చివర్లో ఒక్కసారే రెండు లీటర్లు కలపకుండా ఆ రోజుకు సరిపడా అర లీటరో ముప్పావో కలుపుకోండి. ఎంత ఆయిల్ కలపాలన్నది మీ మిషన్ పుస్తకంలో ఉంటుంది: 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కు 1 అని ఉంటే 20.