నాన్నగారు షవర్ మానేయాలా?

మీ నాన్నగారికి బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు దెబ్బతిని వెడల్పైపోయే జబ్బు) ఉంది కాబట్టి షవర్ మానేయాలా అని అడిగారు. టెన్షన్ పడకండి, అలాగని వదిలేయకండి కూడా. షవర్ హెడ్ లోపల జిగురు పొరలా పేరుకునే కొన్ని మైకోబ్యాక్టీరియా (నీళ్లలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా) క్లోరిన్‌కు ఓ పట్టాన చావవు. సన్నటి తుంపరతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఇన్ఫెక్షన్ తెచ్చిపెట్టవచ్చు. అందుకే నా దృష్టిలో తుంపర తగ్గించడమే అన్నిటికన్నా ముఖ్యం. పెద్ద రంధ్రాల షవర్ హెడ్ పెట్టించండి, స్నానం చేస్తున్నంతసేపూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగనివ్వండి. బకెట్ స్నానమైతే ఇంకా మేలు.

గీజర్‌ను 55 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచితే ఈ బ్యాక్టీరియా తగ్గుతుంది. కానీ ఆ వేడికి ఒళ్లు కాలుతుంది, చన్నీళ్లు కలిపి చూసుకున్నాకే వాడమనండి. వెనిగర్‌తో తెల్లటి గార పోతుంది గానీ బ్యాక్టీరియా పూర్తిగా పోదు. పాతబడిన షవర్ హెడ్‌ను మార్చేయడమే మంచిది. దగ్గు, కఫం పెరిగితే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుగారిని కఫం పరీక్ష గురించి అడగండి.