పాత లెన్సులతో చిన్న పిట్టల ఫోటోలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత మాన్యువల్ ఫోకస్ టెలిఫోటో లెన్సులతో చిన్న పిట్టలను తీయడం గురించి గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగు పాఠకులు వరుసగా ఉత్తరాలు రాస్తున్నారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు ఫోటో స్టూడియో నడిపేవారు. ఆయన వాడిన నిక్కోర్ 300 మి.మీ. ఎఫ్/4.5 లెన్సు, మరమేకులా తిప్పి బిగించే ఎం42 మౌంటు గల రష్యన్ టెయిర్-3 లెన్సు ఇంట్లో ఉన్నాయి. నా కెమెరా నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్. రెండవ లెన్సు నికాన్‌కు పనికిరాదని దుకాణంవారు చెప్పారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: దుకాణంవారు చెప్పినది ప్రకృతి దృశ్యాలు తీసేవారికి వర్తిస్తుంది కానీ మీకు వర్తించదు. లెన్సు మౌంటు నుంచి సెన్సర్ దాకా ఉండవలసిన దూరం ఎం42లో 45.46 మి.మీ., నికాన్‌లో 46.5 మి.మీ. అంటే టెయిర్ లెన్సు మీ కెమెరా మీద ఉండవలసిన చోటు కంటే ఒక మిల్లీమీటరుకు పైగా ముందుకు వస్తుంది కనుక, దూరపు కొండల మీద ఫోకస్ కుదరదు. అయితే 300 మి.మీ. లెన్సు ఒక మిల్లీమీటరు ముందుకు జరిగితే అది చేరగల గరిష్ఠ దూరం సుమారు 90 మీటర్లు అవుతుంది. అడాప్టర్ (లెన్సునూ కెమెరానూ కలిపే వలయం) మందం వల్ల మరో మిల్లీమీటరు కలిసినా 45 మీటర్ల దాకా చేరుతుంది. చిన్న పిట్టను అంత దూరం నుంచి ఎవరూ తీయరు. మీ పని అంతా ఐదు నుంచి పది మీటర్ల మధ్య జరుగుతుంది. కాబట్టి మధ్యలో అద్దం (గాజు కటకం) లేని మామూలు అడాప్టర్ కొనుక్కోండి. అనంత దూరం కుదరాలని మధ్యలో చిన్న అద్దం పెట్టిన అడాప్టర్లు కూడా అమ్ముతారు. చవకరకం అద్దం మంచి లెన్సు పదునును పాడుచేస్తుంది కనుక వాటి జోలికి వెళ్లకండి.

నిక్కోర్ విషయంలో చూడవలసినది దాని వయసు. 1977లో నికాన్ ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్: లెన్సు అపెర్చర్‌ను కెమెరాకు తనంతట తెలిపే) పద్ధతిని ప్రవేశపెట్టింది. అంతకు ముందు తయారై, తరువాత మార్పు చేయించని లెన్సును చాలా నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు తగిలిస్తే, కెమెరా మౌంటు పక్కన ఉండే చిన్న మీట విరిగే ప్రమాదం ఉంది. ఏఐ లెన్సు అయితే నిర్భయంగా తగిలించవచ్చు. డీ7000, డీ7100, డీ7200 కెమెరాల్లో లెన్సు వివరాలను మెనూలో నమోదు చేస్తే లైట్ మీటరు కూడా పనిచేస్తుంది; డీ3000, డీ5000 వరుసల్లో మీటరు పనిచేయదు కనుక ఎక్స్‌పోజర్ మీరే పెట్టుకోవాలి. ఇక ముందు మిర్రర్‌లెస్ కెమెరా కొనే ఆలోచన ఉంటే ఈ చిక్కులేవీ ఉండవు. వాటిలో మౌంటుకూ సెన్సర్‌కూ మధ్య దూరం 20 మి.మీ.కు అటూ ఇటూ మాత్రమే ఉండటం వల్ల మిగిలిన దూరాన్ని ఒక ఖాళీ గొట్టంతో నింపితే సరిపోతుంది. ఏ పాత లెన్సయినా కూర్చుంటుంది. లెన్సు లేకుండా షట్టర్ పనిచేసే వీలును మెనూలో అనుమతించడం, సెన్సర్ స్థిరీకరణ ఉన్న కెమెరాలో ఫోకల్ లెంగ్త్ 300 అని నమోదు చేయడం మాత్రం మరచిపోకండి.

ప్రశ్న: మోదుగులు పూసిన రోజుల్లో తేనెపిట్టలను తీయాలని పాత 400 మి.మీ. ఎఫ్/5.6 లెన్సుతో ప్రయత్నిస్తున్నాను. పిట్ట ఎటు ఎగిరితే అటు లెన్సు తిప్పుతూ, పది మీటర్ల దూరం నుంచి తీస్తున్నాను. పిట్ట చిన్నదిగా, నల్లగా, కన్ను మసకగా వస్తోంది. లోపం లెన్సుదా, నాదా?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: లెన్సును అనుమానించకండి. మీరు ఎంచుకున్న దూరమూ, పిట్ట వెంటపడే పద్ధతీ మారితే ఇదే లెన్సు మీకు కావలసిన చిత్రం ఇస్తుంది.

ముందుగా దూరం. ఏపీఎస్-సి సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) మీద 400 మి.మీ. లెన్సు పది మీటర్ల దూరాన సుమారు 56 సెంటీమీటర్ల వెడల్పును చూపిస్తుంది. ఊదా తేనెపిట్ట ముక్కు కొన నుంచి తోక చివరి దాకా దాదాపు 10 సెంటీమీటర్లే కనుక, చిత్రంలో ఐదో వంతుకు మించి కనబడదు. అదే ఆరు మీటర్లకు వస్తే చిత్రం వెడల్పు 33 సెంటీమీటర్లకు తగ్గి, పిట్ట మూడో వంతు దాకా ఆక్రమిస్తుంది. కానీ దానితోపాటు స్పష్టంగా కనబడే లోతు కూడా తగ్గిపోతుంది: ఎఫ్/5.6 దగ్గర పది మీటర్ల దూరాన సుమారు 14 సెంటీమీటర్లు ఉండే లోతు ఆరు మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లకు వస్తుంది. ఎఫ్/8కు కుదిస్తే 7 సెంటీమీటర్లు. అంటే పిట్ట మీకు ఎదురుగా ఉంటే కన్ను తేటగా, తోక మసకగా ఉంటుంది. పక్కకు తిరిగి, సెన్సర్‌కు సమాంతరంగా ఉన్నప్పుడే మొత్తం శరీరం పదునుగా వస్తుంది. ఇంత పలుచని లోతులో, క్షణం నిలవని పిట్ట వెంట రింగు తిప్పుతూ పోవడం ఎంత నేర్పరికైనా దండగ శ్రమ.

అందుకే పిట్ట మీద కాకుండా పిట్ట వచ్చే చోటు మీద ఫోకస్ చేయండి. ఈ శీర్షికలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. తేనెపిట్ట పూసిన చెట్టును వదిలిపెట్టదు. మగపిట్ట అయితే తన పూలగుత్తుల దగ్గరకు మరో మగపిట్టను రానీయకుండా తరుముతూ, మళ్లీ మళ్లీ అక్కడికే చేరుకుంటుంది. కెమెరా తీయకుండా కాసేపు కూర్చుని గమనించండి: ఏ కొమ్మ మీద మొదట వాలుతోంది, అక్కడి నుంచి ఏ గుత్తికి పోతోంది, తాగే ముందు తల ఎటు తిప్పుతోంది అన్నవి తెలిసిపోతాయి. మోదుగుకు ఆ రోజుల్లో ఆకు ఉండదు కనుక కొమ్మలన్నీ తేటగా కనిపిస్తాయి. చెట్టు ఎత్తు అనే ఇబ్బంది మీ జిల్లాలో సులువుగా తీరుతుంది. కొండవాలు మీద పెరిగిన మోదుగును వెతికి, దానికి పైవైపున కూర్చుంటే పైకొమ్మలు మీ కళ్ల ఎత్తుకు వస్తాయి. కింద నుంచి తీస్తే పొట్ట, వెనక తెల్లటి ఆకాశం తప్ప ఏమీ మిగలదు.

ట్రైపాడ్ మీద లెన్సును దాని పట్టీతోనే బిగించండి. కెమెరా అడుగున బిగిస్తే బరువంతా ముందుకు వాలి, ప్రతి కదలికకూ చిత్రం వణుకుతుంది. ఎంచుకున్న గుత్తిలో పిట్ట ముక్కు పెట్టే పువ్వు మీద, కెమెరా తెర మీద గానీ, మిర్రర్‌లెస్ అయితే వ్యూఫైండర్‌లో గానీ పెద్దది చేసి చూసుకుని, ఫోకస్ కుదర్చండి. లెన్సు రింగు మీద చిన్న కాగితం పట్టీ అంటించి ఆ స్థానాన్ని గుర్తు పెట్టుకోండి. తరువాత గుత్తిలో అన్నిటికంటే దగ్గరి పువ్వుకూ, దూరపు పువ్వుకూ రింగు ఎంత తిరుగుతుందో రెండు మూడు సార్లు వేళ్లతో చేసి చూడండి. పాత లెన్సుల గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. నేటి ఆటోఫోకస్ లెన్సుల్లో రింగు కాస్త కదిలితే ఫోకస్ ఎక్కడికో దూకుతుంది; పాతవాటిలో రింగు చాలా దూరం తిరుగుతుంది కనుక ఒక పువ్వు నుంచి పక్క పువ్వుకు వేలి కొనలతో నిదానంగా వెళ్లవచ్చు. ఎడమ అరచేయి లెన్సు కింద ఉంచి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రింగు మీద పెట్టండి.

పిట్ట వాలాక సవరించవలసింది కొద్దిపాటే. రింగును ఒకే దిక్కుకు మెల్లగా తిప్పుతూ, కన్ను తేటపడే క్షణానికి కాస్త ముందు నుంచే మూడు నాలుగు చిత్రాలు వరుసగా తీయండి. అటూ ఇటూ తిప్పుతూ వెతికితే పిట్ట ఎగిరిపోతుంది. తేనెపిట్ట ముక్కును పువ్వులోంచి బయటకు తీసి, తల ఎత్తి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడంలోనే షట్టర్ నొక్కాలి. మిర్రర్‌లెస్ కెమెరాల్లో అంచులకు రంగు పూసి చూపించే పీకింగ్ సదుపాయాన్ని పూర్తిగా నమ్మవద్దు. అది పిట్ట కంటి కంటే పూరేకు అంచును, రెక్క అంచును ముందుగా పట్టుకుంటుంది.

మీ పిట్ట నల్లగా రావడానికి కారణం వేరు. మగ తేనెపిట్ట ఊదా, నీలి మెరుపు రంగు పదార్థం వల్ల కలిగేది కాదు, ఈకల సూక్ష్మ నిర్మాణం మీద వెలుతురు పడి తిరిగి రావడం వల్ల కలిగేది. వెలుతురు తగిన కోణంలో పడకపోతే అదే పిట్ట బొగ్గులా కనబడుతుంది. సూర్యుడు మీ భుజం వెనక ఉండేటట్లు కూర్చోండి. ఎండ బాగా ఉంటే ఐఎస్‌ఓ 400, ఎఫ్/5.6 దగ్గర 1/3200 సెకను దాకా దొరుకుతుంది. ఉదయపు లేత ఎండలో దానికి రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తక్కువ అనుకున్నా 1/800, 1/400 మిగులుతాయి. పువ్వుల మధ్య చలించే పిట్టకు 1/1000 ఉంటే మంచిది కనుక ఐఎస్‌ఓ 800కు, అవసరమైతే 1600కు పెంచడానికి వెనకాడకండి. కాస్త గరుకుదనం ఉన్నా పదునైన చిత్రం చూడదగినదే, కదిలిన చిత్రాన్ని ఎవరూ బాగుచేయలేరు. మార్చి నెలలో పొద్దెక్కేకొద్దీ కొండరాళ్ల మీది వేడిగాలి వణకడం మొదలవుతుంది. ఆ తరువాత ఎంత మంచి లెన్సుతోనైనా దూరపు వస్తువు మెత్తబడిపోతుంది కనుక, ఎండ ముదిరే లోపు పని ముగించుకోండి.

ప్రశ్న: 500 మి.మీ. ఎఫ్/8 అద్దాల (మిర్రర్) లెన్సు తక్కువ ధరకు దొరుకుతోంది. తీసుకోవచ్చా? దానికి బదులు నా 300 మి.మీ. ఎఫ్/4.5కు రెండింతల కన్వర్టర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచేది) పెడితే?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: చిన్న పిట్టల కోసమే అయితే రెండూ వద్దని నా సలహా. అద్దాల లెన్సు తేలిక, పొట్టి, రంగు అంచులు దాదాపు ఉండవు. ఇవి నిజమైన గుణాలే. కానీ దానికి అపెర్చర్ మార్చే వీలు లేదు. మధ్యలో చిన్న అద్దం అడ్డుగా ఉండటం వల్ల ఎఫ్/8 అని రాసి ఉన్నా అంతకంటే తక్కువ వెలుతురే లోపలికి వస్తుంది. వెనకనున్న ప్రతి మెరుపు చుక్కా చేగోడీలాగా గుండ్రటి వలయమై కనబడుతుంది. పొదల్లో, ఆకుల సందుల్లో తిరిగే జీనువాయిలు, నల్లంచిల వెనక ఈ వలయాలు నిండిపోయి పిట్ట మీద చూపు నిలవదు. వెనక తేటనీరో, దూరపు ఇసుకో ఉన్నచోట, ఉదాహరణకు గోపాల్‌పూర్ ఒడ్డున, ఈ దోషం కనబడదు. ఈ రకంలో టామ్రాన్ ఎస్‌పీ 500 మి.మీ. మాత్రం 1.7 మీటర్ల దగ్గరి దాకా ఫోకస్ అవుతుంది కనుక, అది మంచి స్థితిలో దొరికితే ఆలోచించవచ్చు. రెండింతల కన్వర్టర్ రెండు స్టాపుల వెలుతురును తినేసి మీ ఎఫ్/4.5ను ఎఫ్/9గా మారుస్తుంది. అంత చీకటిలో చేతితో ఫోకస్ కుదర్చడం కష్టం. నాలుగడుగులు దగ్గరకు జరిగి కూర్చోవడమే మేలు.

ప్రశ్న: వానాకాలం తరువాత లెన్సు లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: అది ఫంగస్. అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూస్తే ఎంత పట్టిందో తెలుస్తుంది. అంచున రెండు పోగులే ఉంటే చిత్రంలో తేడా కనబడదు. మధ్య దాకా వ్యాపిస్తే ఎండకు ఎదురుగా తీసిన చిత్రాలు పొగపట్టినట్టు వస్తాయి. లోపలి అద్దాలను మీరు విప్పకండి, అనుభవం ఉన్న మెకానిక్‌కు ఇవ్వండి. ఆలస్యం చేస్తే అది అద్దం మీది పూతను తినేస్తుంది, తరువాత తుడిచినా మచ్చ పోదు. ఇకముందు లెన్సును దానితో వచ్చిన తోలు పెట్టెలో ఉంచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. నీలిరంగు గింజలు గులాబీ రంగుకు తిరిగితే, పెనం మీద సన్నసెగన వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. పాత లెన్సు కొనేటప్పుడు కూడా ఈ టార్చి పరీక్ష చేయందే డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: మహేంద్రతనయ గట్టున తాటిచెట్లకు గిజిగాళ్లు గూళ్లు కట్టాయి. అడ్డంగా ఉన్న మట్టలు నరికితే తేటగా తీయవచ్చు. తప్పా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: తప్పే, చట్టం ప్రకారం కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లకు నష్టం చేయడాన్నే కాక, గుడ్లను, గూళ్లను కదిలించడాన్ని సైతం వేట నిర్వచనంలో చేర్చింది. మట్ట తీసేస్తే గూడు ఎండకూ కాకులకూ బయటపడుతుంది. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. గుడ్లు, పిల్లలు ఉన్న గూళ్లను వదిలి, మగపిట్ట ఇంకా అల్లుతున్న సగం గూళ్లను ఎంచుకోండి; ఆ దశలోనే పసుపు తలపాగాతో మగపిట్ట ఎక్కువసేపు ఒకేచోట వేలాడుతూ కనబడుతుంది, చిత్రం కూడా అప్పుడే బాగుంటుంది. మీరు వచ్చాక అది అల్లడం ఆపేస్తే మరీ దగ్గరకు వచ్చారని అర్థం. మళ్లీ పని మొదలుపెట్టే దాకా వెనక్కి జరగండి. గాలికి గూడు ఊగితే అది మీ ఫోకస్ లోతును దాటిపోతుంది కనుక, గాలి లేవని తెల్లవారు వేళనే తీయాలి. వరి ఆకు పీలికను ముక్కున కరుచుకుని వచ్చే మగపిట్ట సాధారణంగా గూటి అడుగు అంచును పట్టుకుని వేలాడుతుంది కాబట్టి ఫోకస్‌ను ఆ అంచు మీదే పెట్టి ఉంచండి.